ముసలి గుర్రానికి సెలవు

శ్రీకాకుళం జిల్లాలో నౌపడ స్టేషనులో దిగి సముద్రంవైపు పోతే ముందు ఉప్పుమళ్ళు, తరవాత సరుగుడు తోటలు, జీడితోటలు, చివరకు భావనపాడు ఇసుకతీరం వస్తాయి. ఈ దారిమీద మా తాతగారు ముప్పయి ఏళ్ళకు పైగా జట్కా తోలారు. పోయేటప్పుడు మనుషులు, వచ్చేటప్పుడు మనుషులతోపాటు చేపల గంపలు. ఆయన చివరి గుర్రాన్ని 1997 వేసవిలో ఆ ఇసుకలోనే పాతిపెట్టారు. అప్పటికి నాకు ఏడేళ్ళు. ఒక జంతువు పోయినందుకు పెద్దవాళ్ళు కంటతడి పెట్టడం నేను చూడటం అదే మొదలు.

ఇప్పుడు నేను కళాశాలలో జంతుశాస్త్రం చెబుతున్నాను. గుర్రం దంతాలను గురించి పాఠం వచ్చినప్పుడల్లా ఆ వేసవి గుర్తుకు వస్తుంది. అయితే ఈ వ్యాసం ఆ ఒక్క గుర్రం కథ కాదు. గుర్రం అనే జంతువు మన తీరానికి ఎట్లా వచ్చింది, దానికి పని చాతకానప్పుడు మనిషి దానికి ఏమి చేశాడు, అసలు అది మన దగ్గర సెలవు తీసుకున్నదా లేదా అన్నది విచారించడమే నా ఉద్దేశం.

మొదట చెప్పవలసిన మాట ఏమంటే, గుర్రం ఈ నేలకు చుట్టం. కళింగం ఏనుగుల దేశం. కౌటిల్యుని అర్థశాస్త్రం ఏనుగులలో కళింగం, అంగం మొదలైన దేశాలవి శ్రేష్ఠమని చెబుతుంది. గుర్రాల ప్రస్తావన వచ్చేసరికి కాంభోజం, సింధు, ఆరట్టం, వనాయు అనే పేర్లు చెబుతుంది. అవన్నీ వాయవ్య దిక్కున, పొడిగాలి, విశాలమైన పచ్చిక ఉన్న ప్రాంతాలు. మధ్యయుగంలో ఢిల్లీ సుల్తానును అశ్వపతి అనీ, విజయనగర రాయలను నరపతి అనీ, ఒరిస్సా రాజును గజపతి అనీ వ్యవహరించారు. ఆ బిరుదుల్లో కొంత డాంబికం ఉండవచ్చు గాని భూగోళ శాస్త్రం కూడా ఉన్నది.

కారణం వెదకడం కష్టం కాదు. గుర్రం శరీరంలో కండరాల పాలు ఎక్కువ. పరుగెత్తినప్పుడు పుట్టే వేడి అంతా చెమట రూపంలోనే ప్రధానంగా బయటికి పోవాలి. గుర్రపు చెమటలో నురగను పుట్టించే ఒక ప్రోటీను ఉండి, దట్టమైన వెంట్రుకల మీద తడిని పలచగా పరచి త్వరగా ఆవిరి అయ్యేటట్లు చేస్తుంది. గాలి పొడిగా ఉన్నంతసేపు ఈ ఏర్పాటు దివ్యంగా పనిచేస్తుంది. మన తీరంలో మే నెల మధ్యాహ్నం గాలిలో ఉన్న తేమకు చెమట కారుతుందే తప్ప ఆరదు. దీనికి తోడు జోరీగలు. అవి ఒక జంతువును కుట్టి మరొక దానిని కుట్టినప్పుడు సర్రా అనే జ్వరం పాకుతుంది. 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు, నేటి పాకిస్తానులోని డేరా ఇస్మాయిల్ ఖాన్ దగ్గర జబ్బుపడిన గుర్రాల, ఒంటెల నెత్తురులో ఈ వ్యాధి కారకమైన ట్రిపనోసోమును చూశాడు. ట్రిపనోసోము జాతి జీవి వ్యాధిని కలిగిస్తుందని లోకానికి తెలిసింది అప్పుడే.

మూడో చిక్కు మేతలో ఉన్నది. వరి పండే చోట చవకగా దొరికేది తవుడు. తవుడులో భాస్వరం మెండు, కాల్షియం తక్కువ. రోజూ తవుడే తిన్న గుర్రం తన ఎముకలలోని కాల్షియాన్ని తీసి నెత్తురుకు సర్దుతుంది. కొన్నాళ్ళకు దవడ ఎముకలు ఉబ్బి మెత్తబడి, కాళ్ళు కుంటుపడతాయి. ఉలవలు పెట్టేవారి గుర్రాలు దృఢంగా ఉంటాయని మా తాతగారి తరంవాళ్ళు అనేవారు. ఉలవలో మాంసకృత్తులే కాక కాల్షియం కూడా చెప్పుకోదగినంత ఉన్నది కాబట్టి ఆ మాటకు ఆధారం లేకపోలేదు.

ఇట్టి దేశానికి గుర్రాలు ఓడలమీద వచ్చాయి. బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనాన్ని చాలామంది పాఠకులు ఎరుగుదురు. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సరుకంతటినీ పూర్వపు రాజులు బలాత్కారంగా లాగుకొనేవారనీ, తాను మాత్రం న్యాయమైన సుంకం తప్ప ఏమీ తీసుకోననీ ఆయన అందులో ప్రకటించాడు. ఆ శతాబ్దం చివర దక్షిణాదికి వచ్చిన మార్కో పోలో, పాండ్య దేశపు రాజులు ఏటా వేల గుర్రాలను హోర్ముజ్, ఏడెన్ ప్రాంతాలనుంచి కొంటారని రాశాడు. ఏడాది తిరిగేసరికి వాటిలో వంద కూడా మిగలవనీ, వాటిని సాకే నేర్పు ఇక్కడివారికి లేదనీ, వండిన అన్నమూ మాంసమూ పెడతారనీ చెప్పాడు. పరదేశి మాటల్లో కొంత అతిశయోక్తి ఉండక పోదు. కాని చావుల సంగతి నిజమే అయి ఉంటుంది. అందుకు పైన చెప్పిన శాస్త్రీయ కారణాలు చాలు.

విజయనగరం నాటి మాట ఇంకా విచిత్రం. పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ చెప్పిన ప్రకారం సాళువ నరసింహరాయలు వర్తకులనుంచి గుర్రాలను వెయ్యి పర్దావులకు మూడు చొప్పున, బ్రతికి ఉన్నా చచ్చినా ఒకటే ధరకు కొన్నాడట. సముద్రంమీద చచ్చిన గుర్రానికి దాని తోక తెచ్చి చూపిస్తే చాలు, డబ్బు చెల్లించేవాడట. గుర్రాన్ని నీటిలో వదిలి తోకను మాత్రం కోసి పెట్టెలో దాచుకొన్న ఆ నావికుల వీడ్కోలు ఎట్లా ఉండి ఉంటుందో ఊహించుకోవలసిందే. వారికి అది జమాఖర్చులో ఒక పద్దు.

అయితే గుర్రాన్ని పద్దుగా చూసినవారే కాదు, బాధ్యతగా చూసినవారూ మనకు ఉన్నారు. అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుని విధులు చెప్పిన అధ్యాయం ఒకటి ఉన్నది. అందులో ఏ గుర్రానికి ఎంత దాణా, సాల ఎంత పొడవు వెడల్పు, వైద్యుడు చేయవలసినది ఏమిటి అనే వివరాలన్నిటి నడుమ ఒక చిన్న నిబంధన కనిపిస్తుంది. యుద్ధంవల్లగాని, వ్యాధివల్లగాని, ముసలితనంవల్లగాని పనికి చాలనివైన గుర్రాలకు బ్రతికినంతకాలం తిండి పెట్టవలెనని దాని భావం. అట్టి గుర్రాలకు పిండగోచరికాలని పేరు. అంటే కూడు మాత్రమే పొందుతూ, పని చేయవలసిన అవసరం లేనివి. ఈ గ్రంథం ఏ శతాబ్దానిదన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. ఎంత అర్వాచీనమని తీసుకున్నా 1,700 సంవత్సరాలకు తక్కువ కాదు. ప్రతి ధాన్యపు గింజకూ లెక్క అడిగే ఆ గ్రంథం పనిచేయని గుర్రానికి దాణా మంజూరు చేయడం నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది. భావనపాడుకు ఉత్తరాన, నేటి ఒడిశాలోని గంజాం జిల్లా జౌగడ బండమీద అశోకుడు చెక్కించిన శాసనాలలో మనుషులకూ పశువులకూ కూడా చికిత్స ఏర్పాటు చేసిన మాట ఉన్నది. కళింగ యుద్ధంలో ఎన్ని గుర్రాలు కూలాయో ఏ బండా చెప్పదు.

బౌద్ధం ఒకప్పుడు ఈ జిల్లాలోనూ వర్ధిల్లింది. వంశధార సంగమానికి దగ్గరలోని శాలిహుండం కొండ మీద స్తూపాల శిథిలాలు ఇప్పటికీ చూడవచ్చు. ఆ బౌద్ధమే తెలుగువారికి గుర్రపు వీడ్కోలును శిల్పంగా ఇచ్చింది. అమరావతి స్తూపపు పలకలలో సిద్ధార్థుడు రాత్రివేళ ఇల్లు విడిచిపోయే ఘట్టం మళ్ళీ మళ్ళీ చెక్కారు. డెక్కల చప్పుడు వినపడకుండా యక్షులు గుర్రపు కాళ్ళను చేతులతో ఎత్తిపట్టుకుంటారు. బుద్ధుని మనిషి రూపంలో చూపని తొలికాలపు శిల్పాలలో ఐతే జీను ఖాళీగా ఉంటుంది. పైన గొడుగు మాత్రం ఉంటుంది. ఆ గుర్రం పేరు కంథకం. నది దాటిన తరవాత యజమాని దానిని వెనక్కి పంపేశాడు. ఆ ఎడబాటును ఓర్వలేక కంథకం అక్కడే ప్రాణం విడిచిందని పాళీ నిదానకథ. యజమాని పాదాలు నాకి కన్నీరు కార్చి, ఖాళీ జీనుతో కపిలవస్తుకు తిరిగి వచ్చిందని అశ్వఘోషుని బుద్ధచరితం.

గుర్రం దుఃఖంతో కన్నీరు కారుస్తుందా? జంతుశాస్త్ర ఉపాధ్యాయునిగా నేను కాదనే చెప్పాలి. గుర్రం కంట నీరు కారితే కంటినుంచి ముక్కుకు పోయే నాళం మూసుకుపోయిందనో, కంటిలో నలక పడిందనో అనుకోవాలి. కాని గుర్రం మన ముఖాన్ని చదువుతుందన్నది మాత్రం కల్పన కాదు. ఇంగ్లండులో సస్సెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో గుర్రాలకు మనుషుల ఫొటోలు చూపించారు. కోపంగా ఉన్న ముఖాన్ని చూసినప్పుడు అవి తల తిప్పి ఎడమ కంటితో చూడసాగాయి. గుండె వేగం కూడా త్వరగా హెచ్చింది. ఎడమ కంటి చూపు ప్రధానంగా మెదడు కుడి భాగానికి చేరుతుంది, బెదురు కలిగించే విషయాలను పరిశీలించేది ఆ భాగమే. కన్నీరు కవిది కావచ్చు గాని, విడిచిపోతున్నవాని ముఖంలో ఏదో మారిందని కంథకం గ్రహించి ఉంటుందనడానికి శాస్త్రం అడ్డురాదు.

రాజుల గుర్రాలు పోయాయి. కోటలు పోయాయి. తరవాత గుర్రం మన తీరంలో సామాన్యుని బండికి వచ్చింది. 1890లలో మద్రాసు, కలకత్తాల నడుమ తూర్పుతీరపు రైలుమార్గం సిద్ధమైంది. 1900లో నౌపడనుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వేశారు. రైలు వస్తే గుర్రం పోతుందని అనుకుంటాము. జరిగింది దానికి విరుద్ధం. రైలు మనుషులను స్టేషను దాకా తెచ్చి వదిలేది. అక్కడినుంచి ఊరికి పోయేదెట్లా? ఆ ప్రశ్నకు జవాబు జట్కా. ఇంజను పెరిగిన కొద్దీ కొంతకాలం జట్కా కూడా పెరిగింది.

జట్కాలో కొంత యంత్రశాస్త్రం ఉన్నది. రెండే చక్రాలు కాబట్టి ఇరుసే ఆనిక. ఎక్కినవాళ్ళంతా వెనక్కి కూర్చుంటే నొగలు పైకి లేచి గుర్రపు పొట్ట కింది పట్టెడ బిగుస్తుంది. అందరూ ముందుకు జరిగితే బరువంతా వీపుమీద పడుతుంది. అందుకే జట్కావాడు ఎక్కగానే “ముందుకు జరగండి”, “మీరు వెనక్కి రండి” అని సర్దుతూ ఉండేవాడు. పట్నవాసులు దానిని వాని అధికారం అనుకొనేవారు. నిజానికి అది తక్కెడ సరిచూడటం. భావనపాడు దారిలో ఇంకొక కష్టం. గట్టి బాటమీద దొర్లే ఇనుప పట్టా చక్రం ఇసుకలో దిగిపోతుంది. దిగిన చక్రం అడుగడుగునా ఒక చిన్న గట్టు ఎక్కుతున్నట్లే లెక్క. ఇసుక రాగానే మా తాతగారు దిగి, మగవాళ్ళను కూడా దింపి, కళ్ళెం పట్టుకొని నడిచేవారు.

ఆయన చివరి గుర్రం బూడిద రంగు తట్టు. 1974లో కొన్నారు. పేరు సిన్నోడు. కొన్నప్పటికి ఐదేళ్ళని పళ్ళు చూసి తెలుసుకున్నారు. నేను చూసేసరికి అది తెల్లగా ఉండేది. బూడిద గుర్రాలు ఏటేటా తెల్లబడి చివరకు మంచు రంగుకు వస్తాయి. ఇందుకు కారణమైన జన్యుభేదాన్ని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2008లో గుర్తించారు. ముసలితనం కాక వంశపారంపర్యమే ఆ తెలుపుకు కారణమని తెలిసిన రోజున, చిన్నప్పుడు నేను దానిని ‘తాత’ అని పిలిచినది గుర్తుకు వచ్చి నవ్వుకున్నాను.

ముసలితనాన్ని చెప్పేవి వెంట్రుకలు కావు, పళ్ళు. గుర్రపు పన్ను మన పన్నువంటిది కాదు. మన పన్ను చిగురుపైకి ఒకసారి వచ్చి ఆగిపోతుంది. గుర్రపు దవడపన్ను చాలా పొడవైనది, పడుచు గుర్రంలో ఏడెనిమిది సెంటీమీటర్లకు మించి ఉంటుంది. అందులో అధికభాగం దవడ ఎముకలో దాగి, ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున పైకి జరుగుతూ ఉంటుంది. గడ్డిలో ఉన్న సిలికా రేణువులు పైభాగాన్ని అంతే మేరకు అరగదీస్తాయి. అంటే గుర్రం పుట్టుకతోనే ఒక నిల్వ తెచ్చుకుంటుంది. రోజూ కొంత ఖర్చు. నిల్వ తీరిన నాడు మేత ఎంత ఉన్నా నమలడానికి లేదు. ఇసుక నేలమీద మేసే గుర్రానికి ఖర్చు మరీ ఎక్కువ. నేలమీద మేత వేస్తే గడ్డితోపాటు ఇసుక కూడా నోటికి వస్తుంది. అది పళ్ళను అరగదీయడమే కాక పేగులలో పేరుకొని శూల పుట్టిస్తుంది. గుర్రానికి వాంతి చేసుకొనే శక్తి లేదు కాబట్టి కడుపునొప్పి దానికి ప్రాణాంతకమైన జబ్బు. తీరపు జట్కావాళ్ళు మేతను గోనెసంచిలో పోసి మెడకు కట్టడం ఇందుకే.

ముందుపళ్ళను, అనగా కుంతకాలను చూసి వయస్సు చెప్పడం పాత విద్య. పాలపళ్ళు రాలి రెండున్నర, మూడున్నర, నాలుగున్నర ఏళ్ళకు జతజతలుగా కొత్తవి వస్తాయి. ఐదేళ్ళకు నోరు నిండుతుంది. సంస్కృతంలో శాలిహోత్రుని పేర, నకులుని పేర వెలసిన అశ్వశాస్త్రాలలోనూ, తెలుగులో మనుమంచిభట్టు రచించిన హయలక్షణవిలాసంలోనూ గుర్రాన్ని పరీక్షించే పద్ధతులు చెప్పారు. పదేళ్ళు దాటిన గుర్రానికి ఒక గుర్తును గాల్వేన్ అనే గుర్రాల శిక్షకుడు పందొమ్మిదో శతాబ్ది చివర ప్రచారంలోకి తెచ్చాడు. పైదవడ మూలకుంతకం మీద పదో ఏట చిగురు దగ్గర ఒక గాడి కనిపిస్తుంది. పదిహేనేళ్ళకు పన్ను సగం వరకు, ఇరవైకి చివరి వరకు దిగుతుంది. తరవాత పైనుంచి చెరగడం మొదలుపెట్టి ముప్పయికి మాయమవుతుంది. ఇది గడియారమంత నిక్కచ్చి కాదని తరవాతి పరిశీలనలు తేల్చాయి. అయినా కళాశాలలో ఈ సంగతి చెప్పిన రోజున విద్యార్థులు నిద్రపోరు.

గుర్రం ఎంతకాలం బ్రతకగలదు? సాధారణంగా 25, 30 ఏళ్ళు. ఇంతవరకు నమోదైనవాటిలో అత్యధిక వయస్సు ఇంగ్లండులోని ఓల్డ్ బిల్లీది. 1760లో పుట్టి, మాంచెస్టరు ప్రాంతపు జలమార్గాలలో పడవలు లాగి, 1819లో, అంటే 59వ ఏట పనినుంచి విశ్రాంతి పొంది, 1822లో 62వ ఏట చనిపోయింది. దాని పుర్రె మాంచెస్టరు మ్యూజియంలో ఉన్నది. అంతకాలం పనిచేయించినవారిని మెచ్చుకోవాలో, చివరి మూడేళ్ళు కూర్చోబెట్టి మేపినవారిని మెచ్చుకోవాలో నాకు తేలడం లేదు.

మా సిన్నోడుకు అంత భాగ్యం లేదు గాని, ఐదేళ్ళు పింఛను దొరికింది. ఆటోలు వచ్చి 1992 నాటికి జట్కా ఎక్కేవారు లేకపోయారు. అప్పటికి దాని వయస్సు 23. బండి విప్పేశారు. నమిలిన గడ్డి సగం ఉండలై నోటినుంచి రాలిపోయేది. దవడపళ్ళు అరిగిపోయాయనడానికి అది గుర్తు. మా తాతమ్మ ఉలవలు మెత్తగా ఉడికించి, కాస్త తవుడు, బెల్లం కలిపి జావలాగ చేసి పెట్టేది. “గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు” అని ఇరుగుపొరుగు సామెత చెప్పి ఎత్తిపొడిచేవారు. ఒక బేరగాడు వచ్చి ముసలిదానిని ఇచ్చేయమన్నాడు. ఎక్కడికి తీసుకుపోతాడో అందరికీ తెలుసు. “పద్దెనిమిదేళ్ళు నా గుంటల్ని సాకినాది. ఇప్పుడు దాన్ని నాను సాకలేనేటి?” అని మా తాతగారు లోపలికి వెళ్ళిపోయారట. వయస్సుచేత పనికి చాలని జంతువుచేత పనిచేయించడం, ఆకలిదప్పులకు గురయ్యేటట్లు దానిని విడిచిపెట్టడం నేరమని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం చెబుతుంది. ఆయన ఆ చట్టం పేరు విని ఉండరు.

గుర్రం నిలబడి కునుకు తీయగలదు. కాళ్ళలోని స్నాయువులు, కండర బంధనాలు కీళ్ళను బిగించి నిలుపుతాయి. గాఢనిద్రకు మాత్రం రోజుకు కొద్దిసేపైనా పడుకోవాలి. ముసలి గుర్రానికి ప్రమాదం పడుకోవడంలో కాదు, లేవడంలో ఉంది. వందల కిలోల బరువు ఒక పక్కనే ఆనితే కింది కండరాలకు నెత్తురు అందదు, కింది ఊపిరితిత్తి నలిగిపోతుంది. 1997 మే నెలలో ఒక ఉదయం సిన్నోడు లేవలేదు. పదిమంది మోకులు వేసి ఎత్తినా నిలవలేదు. మధ్యాహ్నానికి పశువుల డాక్టరుగారు వచ్చి, పెదవి ఎత్తి పళ్ళు చూసి, పొట్టకు చెవి ఆనించి విని, తాతగారిని పక్కకు పిలిచారు. ఏమి మాట్లాడుకున్నారో నేను వినలేదు. తాతగారు వచ్చి ఇసుకలో కూర్చుని గుర్రం తలను ఒళ్ళో పెట్టుకున్నారు. సూది పొడిచిన తరవాత ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

తెప్పలు లాగే బెస్తవారే గుర్రాన్ని కూడా లాగారు. అలలు అందని మెట్టున, సరుగుళ్ళ పక్కన మనిషి లోతుకు మించి గొయ్యి తీశారు. లోతుగా తీయమని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఆ మందు కళేబరంలో నిలిచి ఉంటుంది, నక్కలుగాని రాబందులుగాని తింటే అవీ చస్తాయి. కళ్ళెం, మువ్వలు తీసి ఇంటికి తెచ్చారు. లాడాలు తియ్యనివ్వలేదు.

ఇట్లా ఒక్కొక్క ఊరినుంచి గుర్రం వెళ్ళిపోయింది. 2012 పశుగణనకూ 2019 పశుగణనకూ నడుమ దేశంలో గుర్రాల, తట్టుల సంఖ్య 45 శాతానికి పైగా తగ్గి 3 లక్షల 40 వేలకు దిగింది. గుర్రంతో మన సంబంధం తీరిపోయిందని నేను కూడా చాలాకాలం అనుకున్నాను.

అది పొరపాటు. బండినుంచి విప్పిన గుర్రాన్ని మనిషి మరొక చోట కట్టాడు. 1890లో బెర్లినులో బేరింగ్, కిటసాటో ధనుర్వాతపు విషాన్ని కొద్దికొద్దిగా జంతువులకు ఎక్కిస్తే వాటి నెత్తురులో ఆ విషాన్ని విరిచే పదార్థం పుడుతుందని చూపారు. 1894లో పారిస్‌లో రూ ఈ పనికి గుర్రాన్ని ఎన్నుకొన్నాడు. పెద్ద శరీరం, మెడలో సులభంగా దొరికే సిర, ఐదారు లీటర్ల నెత్తురు తీసినా తట్టుకొనే శక్తి, అన్నిటికీ మించి మనిషి చెప్పినట్లు నిలబడే ఓర్పు దానికి ఉన్నాయి. ఆ దినాలలోనే కాల్మెట్ పాము విషానికి కూడా ఇదే పద్ధతిని అనువర్తించాడు. మన దేశంలో కసౌలిలోని పరిశోధనాలయం, బొంబాయి హాఫ్‌కిన్ సంస్థ ఈ పనిని చేపట్టాయి.

ఈ కథలో ఒక ముసలి గుర్రాన్ని మరచిపోకూడదు. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో పాలబండి లాగి అలసిన జిమ్ అనే గుర్రాన్ని కంఠసర్పి మందు తయారీకి పెట్టారు. కొన్నేళ్ళపాటు అది 28 లీటర్లకు పైగా సీరం ఇచ్చింది. 1901 అక్టోబరులో దానికి ధనుర్వాతం వచ్చిందని తెలిసి చంపివేశారు. అయితే వ్యాధి బయటపడక ముందు తీసిన నెత్తురు మందుసీసాల్లోకి చేరింది. 13 మంది పిల్లలు ధనుర్వాతంతో చనిపోయారు. ఆ మరుసటి సంవత్సరమే టీకాలు, సీరాల తయారీని తనిఖీ చేసే చట్టం అమెరికాలో వచ్చింది. నేడు ప్రతి మందుసీసామీద ఉండే తయారీ సంఖ్య వెనుక ఆ పాలబండి గుర్రం చావు కూడా ఉన్నది.

మన తీరానికి ఈ సంగతితో మరొక బంధుత్వం ఉన్నది. 1780లలో విశాఖపట్నంలో ఉండి కోరమాండల్ తీరపు పాములను సేకరించిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1796లో పెద్ద గ్రంథం వెలువరించాడు. పాములకు ఇక్కడివారు చెప్పిన తెలుగు పేర్లనే రాసుకున్నాడు. ఆయన రాసుకున్న ‘బంగారు పాము’నుంచే కట్లపాము ప్రజాతికి బంగారస్ అనే శాస్త్రీయ నామం వచ్చింది. ఆయన ‘కాటుకరేకుల పొడ’ అని నమోదు చేసిన రక్తపింజరికి ఆయన పేరే పెట్టారు. నేడు మన ఆసుపత్రులలో వాడే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగింటి విషాలకూ విరుగుడు. గుర్రానికి ఈ విషాలను అతి స్వల్పమైన మోతాదుతో మొదలుపెట్టి వారాల తరబడి పెంచుతూ ఎక్కిస్తారు. నెత్తురు తీసి, ఎర్రకణాలను తిరిగి గుర్రానికే ఎక్కించి, మిగిలిన ద్రవంనుంచి ప్రతిరక్షకాలను వేరుచేస్తారు. వాటిని పెప్సిన్‌తో ఖండించి, అనవసరపు భాగాన్ని తీసివేసి ఎండబెడతారు. ఒక మిల్లీలీటరు మందు 0.6 మిల్లీగ్రాముల రక్తపింజరి విషాన్ని విరచగలదు. పాముకాటుతో 2000 నుంచి 2019 వరకు మన దేశంలో ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని అంచనా. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా తక్కువేమీ కాదు.

ఆ గుర్రాలు కూడా ముసలివి అవుతాయి. పని తీరిన పిమ్మట వాటిని పోషించే బాధ్యత వాడుకున్నవారిదేనని మన దేశంలో నియమం ఉన్నది. అది అన్నిచోట్లా అమలు కావడం లేదని తనిఖీలు చెప్పాయి. ఈ మందు ధరను గురించి తరచు చర్చ జరుగుతుంది. విశ్రాంత గుర్రపు దాణా ఆ ధరలో భాగం కావాలని ఎవరైనా అడగగా నేను వినలేదు. కౌటిల్యుని అశ్వాధ్యక్షుడు అడిగేవాడు.

గుర్రం అవసరమే లేని రోజు కూడా రావచ్చు. 2025 జనవరిలో, నాగుపాము జాతి విషంలోని ఒక ముఖ్యభాగాన్ని అడ్డగించే ప్రోటీనులను కంప్యూటరుతో రూపొందించి ఎలుకలలో పరీక్షించిన ఫలితాలు వెలువడ్డాయి. పింజరి విషానికి ఇంకా చాలా దూరం ఉన్నది.

2004 వర్షాకాలంలో మా చిన్నాన్నను జీడితోటలో రక్తపింజరి కరిచింది. టెక్కలి ఆసుపత్రిలో డాక్టరుగారు నెత్తురు తీసి గాజుగొట్టంలో పోసి గోడ గడియారం చూశారు. ఇరవై నిమిషాలైనా గడ్డకట్టలేదు. రక్తపింజరి విషం నెత్తురులో గడ్డకట్టే పదార్థాలన్నిటినీ ముందే తగలబెట్టేస్తుంది. పది సీసాలు ఎక్కించారు, ఆరు గంటల తరవాత మరో పది. తెల్లవారేసరికి గొట్టంలో నెత్తురు గడ్డకట్టింది. పది రోజులకు ఒళ్ళంతా దద్దుర్లు, కీళ్ళనొప్పులు వచ్చాయి. పరాయి జంతువు ప్రోటీనును శరీరం గుర్తుపట్టి వెళ్ళగొట్టేటప్పుడు ఇట్లా కావచ్చునని, భయం లేదని చెప్పారు.

ఖాళీ అట్టపెట్టె నేను ఇంటికి తెచ్చాను. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. దానిమీద ‘ఈక్వైన్’ అని ఉంటే మాస్టారిని అడిగి అర్థం తెలుసుకుని తాతగారికి చెప్పాను. ఆయన పెట్టెను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

“గుర్రం నెత్తురా?” అన్నారు. “అయితే ఆడి ఒంట్లో ఉన్నాదేటి ఇప్పుడు?”

“ఉండేది తాతా. దద్దుర్లతో పోయింది.”

ఆయన మరేమీ అనలేదు. మర్నాడు తెల్లవారుజామున వంటింట్లో ఉలవలు ఉడుకుతున్న వాసనకు మెలకువ వచ్చింది. వాటిని చిన్న సత్తు గిన్నెలో పోసుకుని, పైన అరిటాకు ముక్క కప్పి, ఆయన సరుగుళ్ళ వైపు నడిచి వెళ్ళారు.